బారసాలకు ముందు ఇరవై ఒక్క రోజులు

మన సంస్థ పాత హాజరు పట్టీలను తిరగవేసిన వారికి పెంటయ్య, తవిటయ్య, పుల్లమ్మ వంటి పేర్లు తప్పక కనిపించి ఉంటాయి. వరుసగా బిడ్డలు పోయిన ఇంట మళ్ళీ ఒక బిడ్డ పుడితే, ఆ బిడ్డను పెంటకుప్ప మీద క్షణకాలం పడుకోబెట్టి తెచ్చుకోవడం, చేటెడు తవుడుకు ఇరుగుపొరుగు వారికి అమ్మినట్లు అమ్మి తిరిగి కొనుక్కోవడం మన పల్లెల్లో ఒకనాటి ఆచారం. ఎందుకూ కొరగాని వస్తువుగా చూపిస్తే మృత్యువు కన్ను బిడ్డ మీద పడదని ఆ తల్లుల ఆశ. ఈ పేర్లను చూసి నవ్వుకునే యువ ఉద్యోగులకు, ఒక్కొక్క పేరు వెనుక ఇద్దరో ముగ్గురో పేరు లేని బిడ్డలు ఉన్నారన్న సంగతి తెలియకపోవచ్చు.

ఆసుపత్రిలో పుట్టిన శిశువు చేతికి నేడు ఒక పట్టీ కడతారు. దాని మీద శిశువు పేరు ఉండదు. 'బేబీ ఆఫ్' అని వ్రాసి పక్కన తల్లి పేరు వ్రాస్తారు. పదకొండో రోజున పురుడు, ఇరవై ఒకటో రోజున బారసాల జరుపుకునే మన సంప్రదాయానికి శాస్త్రకారులు ఏ కారణాలు చెబుతారో గాని, పిల్లల వార్డులో జీవితంలో అధిక భాగం గడిపిన నాకు అందులో ఒక జంకు కనిపిస్తుంది. బిడ్డ నిలుస్తుందో లేదో తేలేవరకు పేరు పెట్టి పిలవడానికి మనసు ఒప్పేది కాదు కాబోలు.

ఆ జంకు నిరాధారం కాదు. ఐక్యరాజ్యసమితి సంస్థల అంచనా ప్రకారం 2022లో ప్రపంచం మొత్తం మీద సుమారు 23 లక్షల మంది శిశువులు పుట్టిన ఇరవై ఎనిమిది రోజుల లోపు మరణించారు. వారిలో అత్యధికులు దక్షిణాసియాలోను, సహారాకు దక్షిణాన ఉన్న ఆఫ్రికా దేశాలలోను పుట్టినవారే. మన దేశంలో 2020 నాటి నమూనా నమోదు లెక్కల ప్రకారం పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 20 మంది నెల నిండక ముందే కన్నుమూశారు. అదే లెక్కల్లో కేరళలో ఆ సంఖ్య 4 కాగా మధ్యప్రదేశ్‌లో 31. ఒకే దేశంలో ఇంతటి తేడా ఉన్నప్పుడు దానిని విధిలిఖితం అని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

నెలలు నిండక పుట్టడం, కాన్పు సమయంలో ఊపిరి అందకపోవడం, సూక్ష్మజీవుల దాడి అనే మూడూ ఈ మరణాలకు ముఖ్య కారణాలు. మొదటి రెండింటికి చేయవలసింది చాలావరకు గర్భిణి దశలోను, ప్రసవ సమయంలోను ఉంటుంది. మూడవదైన సెప్సిస్, అంటే బ్యాక్టీరియా శిశువు రక్తంలో చేరి దేహమంతటా వ్యాపించడం, ఆ తరువాత కూడా పొంచి ఉండే ప్రమాదం. వైద్యుడు, నర్సు, ఆయా, తండ్రి, అమ్మమ్మ, చూడవచ్చిన బంధువు అందరికీ ఇందులో పాత్ర ఉంది. ఈ వ్యాసం దాని గురించే.

పావు లీటరు నెత్తురు

మూడు కిలోల బరువుతో పుట్టిన బిడ్డ దేహంలో ఉండే నెత్తురు సుమారు పావు లీటరు. మనం తాగే గ్లాసెడు మంచినీళ్ళంత. పెద్దవారిలో ఒక చోట చీము గడ్డగా ఆగిపోయే సూక్ష్మజీవి ఈ గ్లాసెడు నెత్తురులో గంటల వ్యవధిలోనే వేలంవెర్రిగా పెరిగిపోతుంది. దానిని ఎదిరించే సైన్యం శిశువులో ఇంకా తయారు కాలేదు. తల్లి రక్తంలోని రక్షక పదార్థాలు మాయ ద్వారా బిడ్డకు చేరేది ప్రధానంగా గర్భం చివరి మాసాలలోనే. కనుక ఏడో నెలలోనో, ఎనిమిదో నెలలోనో పుట్టిన బిడ్డ ఆ కట్నం పూర్తిగా అందుకోకుండానే లోకంలోకి వస్తుంది. చర్మం ఉల్లిపొర వంటిది. బొడ్డు కోసిన చోటు కొన్నాళ్ళపాటు తెరచిన వాకిలి వంటిది. ముర్రుపాలు మంచివి కావని పిండి పారబోసే ఇళ్ళలో, పేగులకు దక్కవలసిన మొదటి కవచం కూడా బిడ్డకు దక్కదు.

చిక్కు ఏమిటంటే ఈ వ్యాధి తన రాకను చాటుకోదు. పెద్దవారికి జ్వరం వస్తుంది, వణుకు వస్తుంది, నోటితో చెబుతారు. పసికందుకు జ్వరానికి బదులు తరచుగా ఒళ్ళు చల్లబడుతుంది. ఏడుపుకు బదులు మౌనం వస్తుంది.

చాలా ఏళ్ళ క్రితం నాటి సంగతి. మన టౌన్‌షిప్ ఆవల ఉన్న కాంట్రాక్టు కార్మికుల గుడిసెల నుండి ఒక ముసలామె తన కూతురును వెంటబెట్టుకుని ఔట్‌పేషెంట్ విభాగానికి వచ్చింది. కూతురు ఆరు రోజుల బాలింత. వచ్చిన పని బిడ్డ కోసం కాదు. తల్లికి పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నాయి, మందు కావాలి. బిడ్డ సంగతి అడిగాను.

"బిడ్డకేం బాబూ, బంగారం లాంటి పిల్ల. నిన్నటి నుంచీ ఒక్కసారి కూడా ఏడవలేదు. రాత్రంతా మమ్మల్ని లేపలేదు" అన్నది ముసలామె మురిపెంగా.

పొత్తిళ్ళు విప్పి చూశాను. పొట్ట గోరువెచ్చగా ఉంది, పాదాలు మంచుగడ్డలు. వేలు నోట్లో పెడితే చప్పరించలేదు. తల్లి రొమ్ము ఎందుకు గడ్డకట్టిందో అప్పుడు బోధపడింది. బిడ్డ ఒక పగలూ ఒక రాత్రీ పాలు తాగనే లేదు. దానిని ఇంటిల్లిపాదీ బుద్ధిమంతురాలి నిద్ర అనుకున్నారు. పద్నాలుగు రోజులపాటు సూదిమందులు వేసిన తరువాత ఆ పిల్ల దక్కింది. ఆ ముసలామె అజ్ఞానాన్ని ఎత్తిచూపడానికి ఈ సంగతి వ్రాయడం లేదు. వైద్యశాస్త్రం చదివిన తల్లిదండ్రులు సైతం తమ బిడ్డ విషయంలో ఇదే పొరపాటు చేయగా చూశాను.

పరీక్షలు చేసి నిర్ధారించవచ్చు కదా అని పాఠకులు అడగవచ్చు. రక్తాన్ని పోషక ద్రవంలో పెట్టి సూక్ష్మజీవి పెరుగుతుందేమో చూసే కల్చర్ పరీక్షే ఇందుకు ప్రమాణం. శిశువు నుండి తీయగలిగే నెత్తురు ఒక మిల్లీలీటరుకు మించదు. ఫలితం తేలడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఒక్కొక్కసారి వ్యాధి ఉన్నా కల్చర్‌లో ఏమీ పెరగదు. అంతవరకు వేచి ఉంటే బిడ్డ ఉండదు. కావున అనుమానం కలిగిన మరుక్షణమే మందు మొదలుపెట్టడం ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పద్ధతి. దీనివల్ల అవసరం లేని బిడ్డలకు కూడా మందులు పడుతున్న మాట వాస్తవం. దాని పర్యవసానం ముందు ముందు చూద్దాం.

పాఠ్యపుస్తకంలో లేని శత్రువు

మేము విద్యార్థులుగా ఉన్నప్పుడు చదివిన పుస్తకాలు చాలావరకు పాశ్చాత్య దేశాలలో వ్రాసినవి. పుట్టిన మూడు రోజుల లోపు వచ్చే సెప్సిస్‌కు కారణమైన క్రిములు తల్లి జననమార్గం నుండి బిడ్డకు సోకుతాయని, వాటిలో బి వర్గపు స్ట్రెప్టోకాకస్ ముఖ్యమైనదని, మూడు రోజుల తరువాత వచ్చేది ఆసుపత్రి నుండో ఇంటి నుండో అంటుకున్నదని ఆ పుస్తకాలు బోధించాయి. ఆ దేశాల మట్టుకు అది నిజమే. అమెరికాలో ప్రసవ వేదన పడుతున్న తల్లికి పెన్సిలిన్ ఇచ్చి ఆ తొలి దశ వ్యాధిని బాగా తగ్గించగలిగారు.

మన దగ్గర కథ వేరు. 2011 నుండి 2014 వరకు దిల్లీలోని మూడు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రులలో జరిగిన ఒక విస్తృత అధ్యయనం, అక్కడ 88 వేలకు పైగా జరిగిన కాన్పులలో ప్రత్యేక సంరక్షణ విభాగాలలో చేరిన 13,530 మంది శిశువులను పరిశీలించింది. వారిలో నూటికి పద్నాలుగు మందికి సెప్సిస్ సోకింది. కల్చర్‌లో పెరిగిన క్రిములలో ఎసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం, ఇ. కోలై 14 శాతం. బి వర్గపు స్ట్రెప్టోకాకస్ పేరు ముందు వరుసలో లేదు. అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం, మూడింట రెండు వంతుల వ్యాధి మొదటి మూడు రోజులలోనే బయటపడింది. మొదటి మూడు రోజులలో కనిపించిన క్రిములకు, తరువాత కనిపించిన క్రిములకు పెద్ద తేడా లేదు.

దీని అర్థం ఏమిటి? ఎసినెటోబాక్టర్ తడి గచ్చులను, సింకులను, యంత్రాల గొట్టాలను ఆశ్రయించుకుని బతికే ఆసుపత్రి జీవి. అది పుట్టిన రెండో రోజునే బిడ్డ నెత్తురులో కనిపించిందంటే, ఆసుపత్రి క్రిమి తొలి ఘడియలలోనే, ప్రసవ గదిలోనే, బిడ్డను అందుకుందని అనుమానించక తప్పదు. కరాచీలోని ఆగాఖాన్ విశ్వవిద్యాలయానికి చెందిన అనితా జైదీ తన సహచరులతో కలసి 2005లో ప్రచురించిన సమీక్ష కూడా ఈ కోవకు చెందినదే. వర్ధమాన దేశాల ఆసుపత్రులలో పుట్టిన బిడ్డలకు సంపన్న దేశాల వారికన్నా 3 నుండి 20 రెట్లు అధికంగా ఇన్‌ఫెక్షన్లు సోకుతున్నాయని ఆ సమీక్ష తేల్చింది. 2018 - 2020 మధ్య పదకొండు దేశాలలో మూడు వేలకు పైగా శిశువులను పరిశీలించిన మరో అధ్యయనంలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించినది క్లెబ్సియెల్లాయే. అందులో నూటికి పదకొండు మంది బిడ్డలు చనిపోయారు.

ఈ లెక్కల పక్కన మరొక లెక్కను పెట్టి చూడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల ప్రకారం 2005 - 06లో మన దేశంలో ఆసుపత్రి కాన్పులు 38.7 శాతం. 2019 - 21 నాటికి అవి 88.6 శాతానికి చేరాయి. ఇది గొప్ప విజయం, సందేహం లేదు. తల్లుల ప్రాణాలు నిలిచాయి. తుప్పు పట్టిన బ్లేడుతో, కొడవలితో బొడ్డు కోసిన రోజులు గతించాయి. శిశువులను బలిగొన్న ధనుర్వాతం తుడిచిపెట్టుకుపోయిందని 2015లో ప్రకటించుకోగలిగాం. అయితే కాన్పులు ఇల్లు విడిచి ఆసుపత్రికి తరలినంత వేగంగా కుళాయిలు, నర్సులు, మంచాలు పెరగలేదు. ఒక మంచం మీద ఇద్దరు బాలింతలు, ఒక వార్మర్ కింద ఇద్దరు ముగ్గురు శిశువులు ఉన్న చోట క్రిమి ఒకరి నుండి ఒకరికి పాకడానికి రెక్కలు అవసరం లేదు. చేతులు చాలు.

నేను యువ వైద్యుడిగా శిక్షణ పొందిన ఒక ఆసుపత్రిలో పది రోజుల వ్యవధిలో నలుగురు శిశువులు ఒకే విధంగా నీరసించి పోయారు. కల్చర్‌లో నాలుగింటా క్లెబ్సియెల్లా. గోడలకు సున్నం వేయించారు, తెరలు ఉతికించారు. అయినా ఐదో బిడ్డ జబ్బుపడింది. చివరకు ఒక నడివయసు నర్సమ్మ, ఆక్సిజన్ గొట్టానికి మధ్య బుడగలు వచ్చే గాజు సీసాను చూపించి, "డాక్టరు గారూ, ఇందులో నీళ్ళు తరిగినప్పుడు పైన పోస్తున్నామే గాని ఎప్పుడైనా పారబోసి కడిగామా?" అని అడిగింది. ఆ నీటిని పరీక్షకు పంపితే అదే క్రిమి పెరిగింది. ఊపిరి అందడానికి పెట్టిన సాధనం గుండానే క్రిమిని అందించాము. నెలల తరబడి ఆ సీసా పక్కన నిలబడి రౌండ్లు చేసిన నేను ఆ ప్రశ్న ఒక్కసారి కూడా వేయలేదు. ఆ తరువాత సీసాలు రోజూ కడిగి ఆరబెట్టారు. జబ్బు ఆగింది. ఆ నర్సమ్మకు ఎవరూ ప్రశంసాపత్రం ఇవ్వలేదు.

వియన్నా నగరంలో 1847లో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు శవపరీక్ష గది నుండి నేరుగా కాన్పుల గదికి వెళ్ళే వైద్యుల చేత క్లోరిన్ కలిపిన సున్నపు నీటితో చేతులు కడిగించి బాలింతల మరణాలను తగ్గించిన వృత్తాంతం చాలామంది ఎరిగినదే. తమ చేతులే మృత్యువును మోసుకువెళుతున్నాయన్న మాటను తోటి వైద్యులు సహించలేకపోయారు. పద్దెనిమిదేళ్ళ తరువాత ఆయన ఒక మానసిక చికిత్సాలయంలో, గాయం చీముపట్టి, అదే రక్తదోషంతో మరణించాడు. నూట డెబ్భై ఏళ్ళు దాటినా పెద్ద డాక్టరును చేతులు కడుక్కున్నారా అని అడగగలిగే ధైర్యం మన వార్డులలో ఎందరు నర్సులకు ఉన్నదో చెప్పలేను.

ప్రాణహిత ఆవలి ఒడ్డున

ఆసుపత్రే అందుబాటులో లేని వారి సంగతి వేరే చెప్పాలి. ప్రాణహిత నదికి ఆవలి ఒడ్డున మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా ఉంది. అడవి, గోండు గూడేలు, దక్షిణపు అంచున సిరొంచ ప్రాంతంలో మన తెలుగు మాట. అక్కడ అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే వైద్య దంపతులు 1986లో 'సెర్చ్' అనే సంస్థను నెలకొల్పారు. అమెరికాలో ప్రజారోగ్య శాస్త్రం చదివి వచ్చి ఆ అడవి ప్రాంతాన్ని ఎంచుకోవడమే విశేషం. చదువు రాని మంత్రసానులు సైతం బిడ్డ ఊపిరిని లెక్కపెట్టగలగాలని, ఇసుక గడియారం పక్కన పూసలు అమర్చి, పది శ్వాసలకు ఒక పూస జరిపే చిన్న పరికరాన్ని వారు రూపొందించారు. అంకెలు రాకపోయినా పూసలు చాలు.

ఆ పల్లెల్లో శిశు మరణాలను ఇంటింటా నమోదు చేసినప్పుడు సుమారు సగం మరణాలకు సెప్సిస్, న్యుమోనియాలే మూలమని తేలింది. ఆసుపత్రికి తీసుకువెళ్ళమని తల్లిదండ్రులకు చెబితే చాలామంది కదలలేదు. దారి లేదు, డబ్బు లేదు, పురిటి మైల తీరకుండా బాలింత గడప దాటకూడదు. పసిగుడ్డు ఆసుపత్రికి రాలేనప్పుడు వైద్యమే గుమ్మంలోకి వెళ్ళాలని బంగ్ దంపతులు నిశ్చయించుకున్నారు. 39 గ్రామాలలో ఐదు నుండి పది తరగతులు చదివిన స్త్రీలను ఎంపిక చేసి శిక్షణ ఇచ్చారు. వారు కాన్పు సమయంలో హాజరవుతారు, తరువాత పలుమార్లు ఇంటికి వెళ్ళి బిడ్డను తూకం వేస్తారు, ఉష్ణమాపకం పెట్టి చూస్తారు, చల్లబడిన బిడ్డను వెచ్చని సంచిలో పెట్టిస్తారు, తల్లిపాలు పట్టిస్తారు. సెప్సిస్ లక్షణాలు కనిపిస్తే ముందు ఆసుపత్రికి వెళ్ళమంటారు. తల్లిదండ్రులు వెళ్ళలేమని అంటే, వారి సమ్మతితో జెంటామైసిన్ సూదిమందు తామే వేస్తారు, నోటి ద్వారా మరొక మందు పోస్తారు.

పదో తరగతి దాటని పల్లెటూరి స్త్రీ నెలలోపు బిడ్డకు సూది వేయడమా అని ఆక్షేపణ పుట్టడం సహజం. నేనూ ఆ రోజుల్లో అలాగే అనుకున్నాను. 1999లో 'లాన్సెట్' పత్రికలో ఫలితాలు వెలువడినప్పుడు నా అభిప్రాయం మార్చుకోవలసి వచ్చింది. మొదట్లో ప్రతి వెయ్యి జననాలకు 62గా ఉన్న నవజాత శిశు మరణాలు మూడేళ్ళలో 25.5కు దిగివచ్చాయి. పోల్చి చూడడానికి తీసుకున్న 47 గ్రామాలలో అటువంటి తగ్గుదల లేదు. సెప్సిస్ వచ్చిన బిడ్డలలో చనిపోయేవారు 16.6 శాతం నుండి 2.8 శాతానికి తగ్గారు. ఒక్కొక్క శిశువుకు అయిన ఖర్చు ఐదు డాలర్ల పైచిలుకు. ఇంజెక్షను వల్లే ఇంత మేలు జరిగిందని నేను అనను. ప్రతి గుమ్మానికి ఒక మనిషి పనిగట్టుకుని వెళ్ళి, పొత్తిళ్ళు విప్పి, బిడ్డను చూసి రావడంలోనే సగం వైద్యం ఉంది.

మన ప్రభుత్వం 2011లో ఇంటివద్దనే నవజాత శిశు సంరక్షణను జాతీయ కార్యక్రమంగా స్వీకరించింది. ఆసుపత్రిలో కాన్పు అయినా ఆశా కార్యకర్త మూడో రోజు, ఏడో రోజు, ఆ తరువాత 14, 21, 28, 42వ రోజులలో ఇంటికి రావాలి. జెంటామైసిన్ మాత్రం ఆశా చేతికి ఇవ్వలేదు. 2014లో ఎ.ఎన్.ఎం.లకు ఆ అనుమతి లభించింది. ఆశా తలుపు తట్టినప్పుడు 'బిడ్డ నిద్రపోతోంది, తరువాత రండి' అని పంపివేసే ఇళ్ళు మన చుట్టుపక్కల కాలనీలలో కూడా లేకపోలేదు.

అరిగిపోతున్న ఆయుధాలు

యాంపిసిలిన్, జెంటామైసిన్ ఈ వ్యాధికి దశాబ్దాలుగా మొదటి వరుస మందులు. చవకైనవి, ఎక్కడైనా దొరికేవి. ఇప్పుడు పెద్ద ఆసుపత్రులలో వాటికి లొంగని క్రిములే అధికమయ్యాయి. పైన చెప్పిన దిల్లీ అధ్యయనంలో ఎసినెటోబాక్టర్ క్రిములలో 82 శాతం, క్లెబ్సియెల్లాలో 54 శాతం అనేక రకాల మందులను తట్టుకున్నాయి. దిల్లీలో చికిత్స పొంది స్వీడన్ వెళ్ళిన ఒక రోగిలోని క్లెబ్సియెల్లా నుండి 2009లో గుర్తించిన ఒక ఎంజైము, అత్యంత శక్తిమంతమైన కార్బపెనెమ్ మందులను సైతం నిర్వీర్యం చేస్తుంది. దానికి మన రాజధాని పేరు పెట్టినప్పుడు దేశంలో పెద్ద దుమారం రేగింది. పేరు గురించి జరిగినంత చర్చ ఆ క్రిమి గురించి జరిగి ఉంటే బాగుండేది. మందులకు లొంగని సెప్సిస్ వల్ల ఏటా మన దేశంలో యాభై వేలకు పైగా శిశువులు మరణిస్తున్నారని పరిశోధకులు 2016 నాటికి అంచనా వేశారు. మూత్రపిండాలకు హాని చేస్తుందని ఒకప్పుడు పక్కన పెట్టిన కొలిస్టిన్‌ను వైద్యులు మళ్ళీ పసిబిడ్డలకు ఎక్కించవలసి వస్తున్నది.

ఈ పరిస్థితికి రోగులను మాత్రమే నిందించడం వైద్యులకు అలవాటు. చీటీ లేకుండా దుకాణంలో మందు కొనేవారు ఉన్న మాట నిజమే. కల్చర్‌కు నెత్తురు పంపకుండానే ఖరీదైన మందుతో మొదలుపెట్టేది, కల్చర్‌లో ఏమీ రాకపోయినా, బిడ్డ కులాసాగా ఉన్నా, 'ఎందుకైనా మంచిది' అని మరో వారం పొడిగించేది మేమే కదా.

కొత్త మార్గాలలో ఫలించినవీ ఉన్నాయి, నిరాశపరచినవీ ఉన్నాయి. నేపాల్‌లోని సర్లాహీ జిల్లాలో బొడ్డుకు క్లోర్‌హెక్సిడిన్ ద్రవం పూయడం వల్ల శిశు మరణాలు 24 శాతం తగ్గినట్లు 2006లో వెల్లడైంది. ఇంటి కాన్పులు అధికంగా ఉన్న ఆ దేశం దానిని విస్తృతంగా అమలు చేసింది. జాంబియా, టాంజానియాలలో జరిపిన ప్రయోగాలలో మాత్రం మరణాలు తగ్గలేదు. మన దేశంలో బొడ్డుకు ఏమీ పూయకుండా పొడిగా ఉంచడమే నియమం. ఒడిశా పల్లెల్లో ఆరోగ్యంగా పుట్టిన 4,556 మంది శిశువులతో జరిపిన ప్రయోగం 2017లో వెలువడింది. మేలుచేసే ఒక లాక్టోబాసిల్లస్‌ను దానికి ఆహారమైన చక్కెర పదార్థంతో కలిపి ఏడు రోజులు నోటి ద్వారా ఇస్తే, సెప్సిస్ లేదా మరణం 9 శాతం నుండి 5.4 శాతానికి తగ్గాయి. దుకాణాలలో దొరికే పొడులన్నీ అదేనని భ్రమించరాదు. ఆ క్రిమి రకం వేరు, అది వైద్యుని ప్రమేయం లేకుండా ఇవ్వదగినది కాదు. ప్రసవ సమయంలో తల్లికి అజిత్రోమైసిన్ ఇస్తే తల్లికి సెప్సిస్ ముప్పు మూడో వంతు తగ్గిందని, బిడ్డకు మాత్రం లాభం లేదని బెళగావి, నాగపూర్ కేంద్రాలు కూడా పాల్గొన్న ఏడు దేశాల పరిశోధన 2023లో తేల్చింది. ఉత్తరప్రదేశ్‌లోని 120 ఆసుపత్రులలో కాన్పుల గదికి ఒక తనిఖీ పట్టిక ఇచ్చి, సిబ్బందికి తోడు నిలిచి నేర్పితే పని పద్ధతులు మెరుగుపడ్డాయి గాని మరణాలు తగ్గలేదని 2017లో తెలిసింది. గోడకు అంటించిన కాగితం నీళ్ళు లేని కుళాయికి బదులు కాదు.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది ఖర్చు లేని ఉపాయం. బరువు తక్కువగా పుట్టిన బిడ్డను తల్లి రొమ్ముల మధ్య, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగొటాలో మొదలైంది. బిడ్డ కుదుటపడిన తరువాతనే తల్లికి ఇవ్వాలని అందరూ భావించేవారు. దిల్లీతో సహా ఐదు దేశాల ఆసుపత్రులలో 1 నుండి 1.8 కిలోల బరువున్న 3,211 మంది బిడ్డలతో జరిపిన పరీక్షలో, పుట్టిన వెంటనే తల్లి గుండెల మీద ఉంచిన వారిలో మరణాలు 12 శాతం, అలా ఉంచని వారిలో 15.7 శాతం. సెప్సిస్ కూడా తగ్గింది. 2021లో వెలువడిన ఈ ఫలితానికి కారణం ఊహించడం కష్టం కాదు. తల్లి వద్దనున్న బిడ్డను ముట్టుకునే చేతులు తక్కువ. బిడ్డ ఒంటి మీద మొదట కాపురం పెట్టేది ఆసుపత్రి క్రిములు కాదు, తల్లి ఒంటి మీది సాధు క్రిములు. ఇందుకోసం తల్లికి కూడా శిశువుల వార్డులోనే మంచం వేయాలి. మన ఆసుపత్రులలో తల్లిని గాజు తలుపు బయట నిలబెట్టడమే శుభ్రత అని ఇన్నాళ్ళూ అనుకున్నాం.

మన ఇళ్ళలో

మన ఉద్యోగులలో చాలామంది కూతుళ్ళు, కోడళ్ళు పురిటికి ఇక్కడికే వస్తారు. ఇక్కడ కొన్ని మాటలు సూటిగా చెప్పక తప్పదు. బిడ్డ పాలు తాగడం మానినా, మునుపటిలా చప్పరించకపోయినా అది మొదటి ప్రమాద ఘంటిక. కదిలిస్తేనే కదలడం, నిమిషానికి అరవై లేక అంతకు మించి ఊపిరి తీయడం, రొమ్ము కింద డొక్కలు లోపలికి పోవడం, మూలుగు, ఫిట్స్, బొడ్డు చుట్టూ ఎర్రదనం పొట్ట మీదికి పాకడం, అరచేతులు, అరికాళ్ళు పసుపుబారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మరునాటి ఔట్‌పేషెంటు సమయం కోసం ఆగరాదు. శరీర ఉష్ణోగ్రత 37.5 డిగ్రీలు దాటినా, 35.5 కన్నా తగ్గినా అంతే. థర్మామీటరు లేకపోతే పాదాన్ని, పొట్టను ముట్టుకుని చూడండి. గాలి సోకిందని తాయెత్తు కట్టించదలచిన వారు కట్టించుకోవచ్చు, కానీ ముందు ఆసుపత్రికి వచ్చిన తరువాత.

బొడ్డు మీద పసుపు, బూడిద, ఆముదం ఏదీ వద్దు. తేనె నాకించడం, చక్కెర నీళ్ళు పోయడం వద్దు. పుట్టిన రోజునే స్నానం చేయించకండి. చెవుల్లో, ముక్కులో నూనె పిండే అలవాటు నేటికీ కొన్ని ఇళ్ళలో ఉంది, దానికి స్వస్తి చెప్పాలి. మా అమ్మగారు పురిటి మైల పదకొండు రోజులూ ఎవరినీ గదిలోకి అడుగుపెట్టనిచ్చేవారు కాదు. వైద్య కళాశాల నుండి సెలవులకు వచ్చిన నేను దానిని మూఢాచారమని వాదించాను. బాలింతను చీకటి గదిలో అంటరానిదిగా ఉంచడం తప్పే. కాని డ్యూటీ దిగి అదే యూనిఫారంతో, అదే చేతులతో వచ్చి బిడ్డను ఎత్తుకుని బుగ్గలు పుణికే సహోద్యోగులను చూసినప్పుడల్లా, అమ్మతో ఆ సగం వాదన ఓడిపోయానని అనిపిస్తుంది.

జబ్బుపడిన బిడ్డను తీసుకువచ్చేటప్పుడు తల్లి రొమ్ముకు ఆనించి, పైన దుప్పటి కప్పి, నెత్తికి టోపీ పెట్టి తీసుకురండి. బిడ్డ మింగగలిగితే దారిలోనూ పాలు పట్టండి. 108 వాహనాన్ని పిలవవచ్చు. 2011 నుండి అమలులో ఉన్న జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద జబ్బుపడిన నవజాత శిశువులకు ప్రభుత్వ ఆసుపత్రులలో చికిత్స, రవాణా ఉచితం. మన కాంట్రాక్టు కార్మికులలో చాలామందికి ఈ సంగతి తెలియదు, తెలిసినవారు చెప్పాలి. అప్పటివరకు వాడిన మందుల చీటీలు వెంట తీసుకురండి. బిడ్డ కాస్త తేరుకోగానే ఊరికి తీసుకువెళతామని మధ్యలో డిశ్చార్జి అడగకండి. కోర్సు పూర్తి కాకుండా వెళ్ళి, నాలుగు రోజుల తరువాత మరింత విషమించి తిరిగి వచ్చిన బిడ్డలను చూశాను.

మన సంస్థ ఆసుపత్రి ప్రసూతి వార్డు గుమ్మం దగ్గర మోచేతితో తిప్పే కుళాయి, సబ్బునీటి సీసా ఉన్నాయి. పదవీ విరమణ చేసి ఏళ్ళు గడిచినా, ఎవరినైనా చూడడానికి అటు వెళ్ళినప్పుడు, ఆ సీసా ఎంతవరకు ఖాళీ అయిందో ఒకసారి చూసి వస్తుంటాను.